గునియా నుంచి గోళం దాకా

ఆసిఫాబాద్,
సెప్టెంబర్ 10.

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

బిడ్డా, కోణాల పేర్లన్నీ కలగాపులగం అవుతున్నాయని ఫోన్‌లో అన్నావు. పేర్లు బట్టీ పట్టకు. ముందు లంబకోణం సంగతి తేల్చుకో, తక్కినవి దాన్నిబట్టే తెలుస్తాయి.

మా సుతారి పనిలో పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి ఒక దారం మీద 6 అడుగులు, రెండో దారం మీద 8 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల నడుమ టేపు పడతాం. సరిగ్గా 10 అడుగులు వస్తే మూల గునియాకు ఉన్నట్టు, అంటే 90 డిగ్రీలు. తక్కువ వస్తే మూల ముడుచుకుంది, అది అల్పకోణం. ఎక్కువ వస్తే విచ్చుకుంది, అది అధికకోణం. టేపు 14 అడుగులు చూపిస్తే దారాలు రెండూ ఒకే గీతలో పడ్డాయన్నమాట. అదే సరళకోణం, 180 డిగ్రీలు.

నియమాలూ ఇక్కడి నుంచే పుడతాయి. రెండు గీతలు ఖండించుకున్నచోట ఒక కోణం 70 అయితే, పక్కది 180లో మిగిలిన 110. దాని పక్కది మళ్లీ 70. శీర్షాభిముఖ కోణాలు సమానమనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. రెండు కోణాల మొత్తం 180 అయితే సంపూరకాలు, 90 అయితే పూరకాలు. సమాంతర రేఖలను మరో గీత ఖండిస్తే ఏకాంతర కోణాలు సమానం.

ఈ చివరి నియమాన్ని చిన్నచూపు చూడకు. 2,200 ఏళ్ల కింద ఎరటోస్తనీస్ ఈజిప్టులో నీడ కోణాన్ని కొలిచి, దీని ఆధారంగానే భూమి చుట్టుకొలత కట్టాడు. ఆ పని మనమూ చేద్దాం.

సెప్టెంబర్ 23న సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన ఉంటాడు. మబ్బు లేకపోతే, మీ హాస్టల్ డాబా మీద మీటరు కర్రను తూకం గుండుతో సరిచూసి నిలబెట్టు. మధ్యాహ్నం 12 గంటల 5 నిమిషాల ప్రాంతంలో నీడ అన్నిటికన్నా కురచ. నీడ కొస సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది, ఆ మసక నడుమ గుర్తు పెట్టు. కరీంనగర్‌లో నీకు 33 సెంటీమీటర్ల పైన, ఇక్కడ నాకు 35 రావాలి. కొలతలను అయిదో వంతుకు తగ్గించి నోట్‌బుక్‌లో గీసి, కర్ర కొస దగ్గరి కోణాన్ని కోణమానినితో చూడు. నీది 18 డిగ్రీల పైన, నాది 19 పైన. నేల దగ్గరిది దాని పూరకం.

కర్రను లోపలికి పొడిగిస్తే భూమి కేంద్రానికి చేరుతుంది. ఎండ కిరణాలు సమాంతరాలు. కాబట్టి కర్ర కొస దగ్గరి కోణం, కేంద్రం దగ్గర మీ ఊరికీ భూమధ్యరేఖకూ నడుమ ఉన్న కోణం ఏకాంతరాలు. అదే మీ ఊరి అక్షాంశం. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. మన ఇద్దరి కోణాల తేడా ఒక డిగ్రీకి కాస్త తక్కువ. అంటే ఆసిఫాబాద్ మీకు ఉత్తరాన వంద కిలోమీటర్ల చిల్లర ఎగువన ఉంది.

లెక్కలో ప్రతి మెట్టు పక్కన ఏ నియమంతో వచ్చిందో రాసే అలవాటు చేసుకో. జవాబు తప్పినా ఎక్కడ తప్పిందో నీకే దొరుకుతుంది. నీ బొమ్మనూ అట్లాగే కారణాలు రాసి పంపు, నా కొలతతో సరిచూస్తాను.

ఇట్లు,
మీ తాత