ఇసుజు ఏటి ఒడ్డున పూర్ణం

సత్యవేడు రోడ్డు మీదా, తడ దగ్గర హైవే మీదా ఇసుజు అని రాసున్న పికప్ బండ్లు మనం చూస్తూనే ఉంటాం. శ్రీసిటీలో ఆ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు ఆ చోటు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఇసుజు అంటే ఏమిటని మా క్లాసులో అడిగితే అందరూ కంపెనీ అనే చెప్పారు. నిజానికి అది ఒక ఏరు. జపాన్‌లో ఇసే అనే పుణ్యక్షేత్రం ఉంది. అక్కడి గుడి పక్కన పారే ఏరు ఇసుజు. భక్తులు ఆ నీళ్ళలో చేతులు కడుక్కొని లోపలికి పోతారు. బండ్ల కంపెనీ ఆ ఏటి పేరే పెట్టుకుంది.

అయితే ఈ వ్యాసం బండ్ల గురించి కాదు, ఆ ఏటి ఒడ్డున ఉన్న ఒక మిఠాయి అంగడి గురించి. మనలో శ్రీసిటీ ఉద్యోగాల కోసమో, ఇంటర్న్‌షిప్ కోసమో జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళు ఉన్నారు. రేపు అక్కడికి పోతే, జేబులో తక్కువ డబ్బుతో కూర్చుని తినగలిగే పాతకాలపు తీపి కొట్లలో మెనూ ఎట్లా చదవాలి అన్నది పాఠం. నేను చెప్పేది ఒకటే. ఆ మెనూని ఇంగ్లీషులో చదివితే భయమేస్తుంది. తెలుగులో చదివితే సగానికి పైగా మనింటి వంటే.

ముందు ఆ అంగడి. పేరు అకఫుకు. 1707లో మొదలైంది. ఇసే గుడికి పోయే దారిలో, ఏటి పక్కనే ప్రధాన దుకాణం. తెల్లవారుజామున 5 గంటలకే తెరుస్తారు. మన తిరుపతి వాళ్ళకి ఇది వింతేం కాదు, యాత్రికుల ఊరికి నిద్ర తక్కువ. లోపల ఎర్రగా రంగు వేసిన పొయ్యిల మీద టీకి నీళ్ళు మరుగుతుంటాయి. చెప్పులు విప్పి చాప మీద కూర్చుంటే చిన్న పళ్ళెంలో తీపి, పక్కన పాలూ చక్కెరా లేని టీ పెడతారు. ధర కొన్ని వందల యెన్‌లు. ఈమధ్య యెన్ విలువ మన అర్ధరూపాయికి కాస్త అటూ ఇటూ ఉంటోంది కాబట్టి లెక్క మీరే వేసుకోండి.

వాళ్ళు అమ్మేది ఒక్కటే రకం అనుకోవచ్చు: కింద తెల్లటి మెత్తటి ముద్ద, పైన ముదురు రంగు పూత. పూత మీద వేళ్ళతో మూడు గీతలు లాగుతారు. ఆ గీతలు ఇసుజు ఏటి పాయలట, కింద తెల్లగా ఉన్నది ఏటి అడుగున గులకరాళ్ళట. నాకు ఇది చాలా నచ్చింది. తినే ముందు ఏరు చూస్తాం, తిన్నాక మళ్ళీ ఏరు చూస్తాం. దీన్ని మన లడ్డూతో పోల్చేయాలనిపిస్తుంది గానీ ఒక తేడా ఉంది. లడ్డూ ప్రసాదం, గుడి పోటులో తయారవుతుంది. అకఫుకు గుడిది కాదు, అంగడి సరుకు. ఇంకో తేడా కూడా చెప్పాలి. మన స్వీట్ షాపుల్లో లెక్క పావుకిలో నుంచి మొదలవుతుంది. డబ్బా కట్టించుకొని ఊరికి తీసుకుపోతాం. ఒక్కడే యాత్రికుడు కూర్చుని రెండు ముక్కలు తిని, టీ తాగి, కాళ్ళు చాపుకొనే చోటు మన దగ్గర తక్కువ. ఉంటే బాగుండు.

ఇప్పుడు పదాలు. ఆ పైపూతని జపనీస్‌లో ‘అన్’ అంటారు, ‘అంకొ’ అని కూడా అంటారు. ఇంగ్లీషులో ‘స్వీట్ రెడ్ బీన్ పేస్ట్’. ఈ మాట వినగానే మనకి రాజ్మా గుర్తొస్తుంది. రాజ్మాలో చక్కెర వేసుకొని ఎవరు తింటారు? అందుకే చాలామంది దాని జోలికి పోరు. కానీ చేసే పద్ధతి చూడండి: గింజలు ఉడకబెట్టడం, నీళ్ళు వంచడం, మెదపడం, చక్కెర వేసి గట్టిపడే దాకా పొయ్యి మీద కలియబెట్టడం. ఇది ఓళిగల్లో పెట్టే పూర్ణం కాక ఇంకేంటి? మనం శెనగపప్పు, బెల్లం వాడతాం. వాళ్ళు అజుకి అనే ఎర్ర చిన్న గింజ వాడతారు. అజుకి, అలసంద, పెసర, మినుము అన్నీ వృక్షశాస్త్రంలో ‘విగ్నా’ అనే ఒకే ప్రజాతి. అంటే శెనగ కంటే అలసందే అజుకికి దగ్గరి చుట్టం. పొట్టు తీసి వడకట్టి నున్నగా చేస్తే ‘కొషి అన్’, గింజ కనబడేలా వదిలేస్తే ‘త్సుబు అన్’. అకఫుకు మీద ఉండేది నున్నటిది. పాతకాలంలో అక్కడ దాన్ని నల్ల చక్కెరతో చేసేవారు, అంటే దాదాపు మన బెల్లమే.

కింద ఉండే తెల్ల ముద్ద ‘మొచి’. ఇక్కడ మాత్రం మన వంటిల్లు పూర్తిగా సరిపోదు. సైన్సు కాస్త కావాలి. బియ్యంలోని పిండి పదార్థంలో రెండు రకాల అణువులు ఉంటాయి, అమైలోజ్, అమైలోపెక్టిన్. మనం తినే మామూలు బియ్యంలో అమైలోజ్ సుమారు ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే అన్నం పొడిపొడిగా వస్తుంది. మొచికి వాడే బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. మిగిలిన అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా ఉండే పెద్ద అణువు. ఉడికితే ముద్ద తెగకుండా సాగుతుంది.

పోయిన వినాయక చవితికి నేను ఆ జిగురు బియ్యప్పిండి ఆన్‌లైన్‌లో తెప్పించి, మామూలు బియ్యప్పిండితో పక్కపక్కనే ఉండ్రాళ్ళు చేయించాను. మామూలివి ఎప్పటిలాగే వచ్చాయి. రెండోవి అమ్మ చేతికి అంటుకొని రాలేదు. “ఇదేందిరా, బబుల్‌గమ్ మాదిరి సాగతా ఉండాది” అంది. అవ్వ ఒకటి నోట్లో వేసుకొని, “పళ్ళు లేనోళ్ళకి పెట్టేది కాదు నాయనా” అని పక్కన పెట్టేసింది. అవ్వ చెప్పింది ఊరికే నవ్వడానికి కాదు. జపాన్‌లో కొత్త సంవత్సరం రోజుల్లో ముసలివాళ్ళకి మొచి గొంతులో అడ్డం పడటం నిజంగా జరుగుతుంది. చిన్న ముక్కలు కొరికి, నమిలి తినండి.

అలసందలతో పూర్ణం కూడా చేశాం. నెయ్యి లేదు, ఏలకులు లేవు. నాకు మొదట చప్పగా అనిపించింది. చక్కెర లేని వేడి టీ తాగాక రెండో ముక్క మాత్రం వేరేగా ఉంది. అక్కడ టీ, తీపి కలిపితేనే ఒక వంటకం అన్నమాట.

ఇక ఇసే దాటి వేరే ఊళ్ళలో కనబడే కొట్లు. వీటిని ‘కన్మి దొకొరొ’ అంటారు. టోక్యోలో అసకుసా గుడి దగ్గర ఉమెజొనొ అనేది 1854 నాటిది. అక్కడ పేరున్నది ‘అవ జెన్‌జాయ్’. అవ అంటే మన కొర్రలు. తమాషా ఏమిటంటే పేరులో కొర్ర ఉన్నా వాళ్ళు వాడేది కిబి, అంటే మన వరిగలు. ఉడికిన వరిగల ముద్ద మీద నున్నటి పూర్ణం. రాయలసీమలో పుట్టి నేను కొర్రలు, వరిగలు అనే మాటలు సూపర్‌మార్కెట్ ప్యాకెట్ మీద ఇంగ్లీషు పేర్ల కింద చిన్న అక్షరాల్లో చదివి నేర్చుకున్నాను. అవ్వకి ఆ రెండు గింజలూ చేతిలో పోస్తే కళ్ళు మూసుకొని చెబుతుంది. జపనీస్ మెనూ ముందు మాలో ఎవరు చదువుకున్నవాళ్ళో చెప్పడం కష్టం.

జెన్‌జాయ్ అన్న మాటతో జాగ్రత్త. క్యోటో, ఒసాకా వైపు అడిగితే గింజలున్న పల్చటి తీపి పాయసం లాంటిది ఇస్తారు. టోక్యోలో అదే పేరుకి గట్టి పూర్ణం వస్తుంది. మనకిది కొత్తేం కాదు, ఒక ఊరి కజ్జాయం ఇంకో ఊరి అరిసె.

‘వరబి మొచి’ జెల్లీలా వణుకుతుంది. దాని మీద చల్లే పొడి కినాకొ, అంటే వేయించి విసిరిన సోయా పిండి. సున్నుండల కోసం మినుములు వేయించినప్పటి వాసనని తలుచుకోండి, దానికి దగ్గర. పైన పోసే ‘కురొమిత్సు’ నల్ల చక్కెర పాకం. చిత్తూరు బెల్లం తిని పెరిగినవాళ్ళకి దాని గురించి నేను చెప్పాలా! ‘అన్మిత్సు’లో పారదర్శకంగా ఉండే ముక్కలు కంటెన్, సముద్రపు నాచుతో చేసేది, మన చైనా గ్రాస్ అదే.

శాకాహారులకి ముఖ్యమైన సంగతి. పాత తీపి వంటల్లో పాలు, గుడ్డు చాలావరకు ఉండవు. కానీ డొరయాకిలో గుడ్డు ఉంటుంది. చిన్నప్పుడు డోరేమాన్ చూస్తూ మనం నోరూరించుకున్న డోరా కేక్ అదే, పూర్ణం మధ్యలో పెట్టిన రెండు చిన్న అట్లు. అనుమానం ఉంటే “తమగొ హైత్తె ఇమస్ క” అని అడగండి, ‘గుడ్డు పడిందా’ అని అర్థం.

డబ్బు సంగతి. కూర్చుని తింటే పన్ను 10 శాతం, పొట్లం కట్టించుకుంటే 8 శాతం, 2019 అక్టోబరు నుంచి ఇదే లెక్క. టిప్పు ఇవ్వక్కర్లేదు. కొట్లో కూర్చుంటే మనిషికొక ఆర్డరు ఇవ్వడం మర్యాద, ఒక పళ్ళెం తెప్పించి నలుగురు పంచుకోవడం మన క్యాంటీన్‌లోనే. మరీ తక్కువలో కావాలంటే పుల్లకి గుచ్చిన డంగొ ఉండలు సూపర్‌మార్కెట్‌లో కూడా దొరుకుతాయి. కొన్న రోజే తినండి. ఫ్రిజ్‌లో పెడితే చద్దన్నం లాగే గట్టిపడతాయి.