డ్రాయింగ్ పంపే ముందు ఆ ఆరు అక్షరాలు చూడండి

"సార్, మీరు పంపిన డ్రాయింగ్ ఓపెన్ కావట్లేదు." సైట్ నుంచి పొద్దున్నే ఈ ఫోన్ వచ్చిందంటే ఓ గంట పోయినట్టే. సెంట్రింగ్ వాళ్లు కూలి మీద వచ్చి ఖాళీగా కూర్చుంటారు. నాకు ఆ గంటే బాధ.

చాలాసార్లు తప్పు డ్రాయింగ్‌ది కాదు, వెర్షన్‌ది. డీడబ్ల్యూజీ ఫైలుకి ఓ కాపీ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా అర్థంకాని గుర్తులే, కానీ మొట్టమొదటి ఆరు అక్షరాలు చదవొచ్చు. ఏసీ1032 అని ఉంటే అది 2018 ఫార్మాట్, ఏసీ1027 అయితే 2013, ఏసీ1024 అయితే 2010. అవతలివాళ్ల దగ్గర ఆటోక్యాడ్ 2015 ఉంటే 2018 ఫార్మాట్ తెరుచుకోదు. సేవ్ యాజ్‌లో 2013 ఎంచుకుని పంపితే సరిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో మాత్రం సేవ్ కొట్టకండి.

రెవిట్‌లో ఈ వెసులుబాటు లేదు. మా ఆఫీసులో ఓ కుర్రాడు రెవిట్ 2022లో నడుస్తున్న ప్రాజెక్టును రెవిట్ 2024లో తెరిచి సేవ్ చేశాడు. స్ట్రక్చరల్ ఇంజినీర్ దగ్గరున్నది 2022. ఆర్‌వీటీ ఫైలును కొత్త వెర్షన్‌కి ఎక్కించాక కిందికి దించే దారి లేదు. అదే ఫోల్డర్‌లో పేరు చివర 0001, 0002 అంకెలతో ఉండే బ్యాకప్ కాపీలే మమ్మల్ని కాపాడాయి. ఆ రోజు చేసిన పని మాత్రం మళ్లీ చేశాం. అందుకే ప్రాజెక్టు మొదలైన రోజే ఏ వెర్షనో అందరూ కలిసి తేల్చుకోండి.

ఆర్కిక్యాడ్ వాడేవాళ్లకి మోడల్ పంపాలంటే ఐఎఫ్‌సీ. ఇది ఐఎస్ఓ 16739 ప్రమాణం. గోడ గోడగా, తలుపు తలుపుగా వెళ్తుంది. చూసుకోవడానికి, పైపు బీముకి తగులుతోందా అని సరిచూసుకోవడానికి బాగుంటుంది. దాని మీదే డిజైన్ కొనసాగించాలనుకుంటే అవస్థే.

మేస్త్రీకి పీడీఎఫ్ చాలు, ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ప్రింట్ తీసేవాళ్లకి మాత్రం 'ఫిట్' పెట్టొద్దని చెప్పండి, స్కేలు మారిపోతుంది.

ఇంకోటి. డీడబ్ల్యూజీ ఒక్కటే పంపితే ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు వెనకే ఉండిపోతాయి. పాత అను ఫాంట్లలో తెలుగు నోట్ రాసి ఉంటే అవతల పిచ్చి అక్షరాలు కనబడతాయి. ఈట్రాన్స్‌మిట్ వాడి ఫాంట్లతో సహా జిప్ చేయండి.

మెయిల్‌లో ఈ ఒక్క వాక్యం రాయండి: "డీడబ్ల్యూజీ 2013 ఫార్మాట్, యూనిట్లు మిల్లీమీటర్లు, ఎక్స్‌రెఫ్‌లు జిప్‌లో ఉన్నాయి, సైట్‌కి పీడీఎఫ్ విడిగా జతచేశాను."