పొగను పట్టే విద్యుత్తు

కుప్పం ప్రాంతం మీదుగా పోయే పాలారు నది తమిళనాడులో రాణిపేట పక్కగా ప్రవహిస్తుంది. ఆ రాణిపేటలోని భెల్ కర్మాగారం థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగను శుభ్రపరిచే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లను తయారుచేస్తున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులమైన మనకు ఇంత చేరువలో ఉన్న ఈ యంత్రం పనిచేసే తీరును పరిశీలిద్దాం.

పొగ పోయే మార్గంలో ఉక్కు రేకులను నిలిపి, వాటి నడుమ సన్నని తీగలు కడతారు. రేకులను భూమికి కలిపి, తీగలకు వేలాది వోల్టుల ఋణ విద్యుత్తు ఇస్తారు. తీగ సన్ననిది కనుక దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం మిక్కిలి తీవ్రమై, వాయువు అయనీకరణం చెందుతుంది. చీకటిలో నీలికాంతిగా కనిపించే దీనినే కరోనా ఉత్సర్గం అంటారు. (2020 నాటి వ్యాధితో దీనికి పేరులోనే పోలిక, రెండింటికీ మూలం కిరీటమనే అర్థంగల లాటిన్ పదం.) వాన తడిలో హైటెన్షన్ తీగల వద్ద వినిపించే చిటపటలు కూడా ఇవే. ఈ అయానులు అంటుకొన్న బూడిద రేణువులు ఋణావేశం పొంది రేకులను చేరుతాయి. సుత్తులు రేకులను తట్టగా బూడిద కిందకు రాలుతుంది.

1885లో ఆలివర్ లాడ్జ్ వేల్స్‌లోని సీసపు కర్మాగారంలో దీనిని ప్రయత్నించి విఫలుడైనాడు. 1907 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ గంధకామ్లపు తుంపరపై సాధించాడు. తన పేటెంట్ల హక్కులను 1912లో పరిశోధనలకు తోడ్పడే సంస్థకు ధారపోయడం మాకు ఆ ఆవిష్కరణకన్నా గొప్పగా తోస్తున్నది.

మన దేశంలో చిక్కు బొగ్గుతోనే వచ్చింది. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం, గంధకం స్వల్పం. అందువల్ల బూడిదకు విద్యుత్ నిరోధకత హెచ్చు. రేకుపై పేరుకొన్న పొరనుండి ఆవేశం భూమిలోకి పోలేక, ఆ పొరలోనే ఉత్సర్గం మొదలై, పట్టుబడిన ధూళి తిరిగి పొగలో కలుస్తుంది. కాబట్టి విదేశీ బొగ్గుకు చాలే యంత్రం ఇక్కడ చాలదు. రేకుల వైశాల్యం పెంచవలసినదే. కడప జిల్లా ముద్దనూరు సమీపాన 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రంవంటి పాత యూనిట్లకు 2015 నిబంధనలు ఘనపుమీటరుకు 100 మిల్లీగ్రాముల ధూళిని మించరాదన్నాయి. 2017 నుంచి నెలకొల్పినవాటికి హద్దు 30.

అయితే ఈ యంత్రం ధూళినే పట్టగలదు. సల్ఫర్ డయాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు దాటిపోతాయి. వాటికి క్షణికమైన విద్యుత్ స్పందనలు, ఎలక్ట్రాను పుంజాలు ప్రయోగించి ఆమ్లాలుగా మార్చి, అమోనియా కలిపి ఎరువు లవణాలను రాబట్టే పద్ధతులున్నాయి. కాని వాటికి విద్యుత్తు ఖర్చు ఎక్కువ. ఆ విద్యుత్తు మరల ఆ బొగ్గునుండే రావాలి.