చందా పుస్తకం చేతపట్టుకుని తిరిగే రోజులు పోయాక

ప్రశ్న: గుంటూరు జిల్లాలో చిన్న వృద్ధాశ్రమం నడుపుతున్నాం. ఇరవై ఏళ్లుగా రైసు మిల్లుల వాళ్లు, బంగారు కొట్ల వాళ్లు సంక్రాంతికి చందా రాసేవారు. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పిల్లలేమో హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నారు. ఫోన్ చేస్తే ‘చూస్తాం అంకుల్’ అంటారు, అంతే. 80జి రశీదు ఇస్తామన్నా పట్టించుకోవడం లేదు. ఈ తరానికి పెట్టే గుణం లేదంటారా?
- ఆశ్రమ కార్యదర్శి

జవాబు: లేకేం, ఉంది. ముక్కూమొహం తెలియని పసిపాపకు ఆపరేషన్ అంటే మిలాప్, కెట్టో లాంటి విరాళాల వెబ్‌సైట్లలో చూసి ఐదొందలు, వెయ్యి పంపుతున్నవాళ్లలో ఈ వయసువాళ్లు ఎందరో. వాళ్ల నాన్నగారు మిమ్మల్ని చూసి ఇచ్చారు. పిల్లలకు మీరెవరో తెలియదు. మీ ఆశ్రమంలో ఎవరున్నారో, నెలకు ఖర్చెంతో అసలే తెలియదు. అది తెలియజెప్పే పని ముందు చేయాలి, అడగడం తర్వాత.

ఇక 80జి, అంటే విరాళాలపై దాతకు వచ్చే పన్ను మినహాయింపు సంగతి చూద్దాం. 2023-24 నుంచి ప్రత్యేకంగా వద్దనుకుంటే తప్ప అందరికీ కొత్త పన్ను విధానమే వర్తిస్తోంది. అందులో ఈ మినహాయింపు లేదు. జీతగాళ్లలో చాలామందికి మీ రశీదుతో పన్నుపరంగా ఒరిగేదేమీ లేదన్నమాట. కరపత్రంలో ఆ మాట మొదటి వరుసలో ఉంటే కిందికి దించండి. పాత విధానంలో కొనసాగేవాళ్లకు కావాలి కాబట్టి పూర్తిగా తీసేయకండి. అయితే 2,000 రూపాయలు దాటిన నగదుకు గానీ, బియ్యం బస్తాలకు, దుప్పట్లకు గానీ మినహాయింపు రాదని వాళ్లకు ముందే చెప్పండి.

ఏడాదికోసారి పదివేలు అడిగితే వెనకాడే కుర్రాడు నెలకు మూడొందలంటే ఒప్పుకుంటాడు. యూపీఐలో ఆటోపే 2020లోనే వచ్చింది. ఒకసారి అనుమతిస్తే నెలనెలా ఖాతాలోంచి దానంతటదే వెళ్తుంది, ఎప్పుడు వద్దనుకున్నా ఆపేసుకోవచ్చు. అలాంటివాళ్లు వంద మంది దొరికితే నెలకు ముప్పై వేలు. వంటమనిషి జీతానికి, పాల బిల్లుకు ఒకటో తారీఖున తడుముకునే పని ఉండదు. మీలాంటి చిన్న సంస్థకు పండగపూట వచ్చే పెద్ద చెక్కు కన్నా ఇదే మేలని నా గట్టి నమ్మకం.

ఆటోపే అయినా, క్యూఆర్ కోడ్ అయినా సంస్థ ఖాతాకే ఉండాలి. కార్యదర్శి సొంత ఫోన్ నంబరుకు డబ్బు తీసుకోవడం వెంటనే మానండి. ఇంకో చిక్కుంది. ఫోన్‌లో వచ్చిన డబ్బుకు పేరు కనిపిస్తుంది, చిరునామా కనిపించదు. పేరూ చిరునామా రాసిపెట్టుకోని విరాళాలు చట్టం దృష్టిలో అజ్ఞాత విరాళాలు. అవి మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది దాటితే, పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. అందుకని డబ్బు అందిన రోజే ధన్యవాదాలు చెబుతూ వివరాలు అడిగేయండి. 80జి ఉన్న సంస్థలు దాతల పట్టికను మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలి కాబట్టి అప్పుడూ పనికొస్తాయి.

పుట్టినరోజులకు, తద్దినాలకు భోజనం పెట్టించే అలవాటు మనవాళ్లలో పోలేదు. కానీ అందరూ ఆదివారమే కావాలంటారు, కరెంటు బిల్లు కడతామని ఎవరూ రారు. ఆ పూట వేరేవాళ్లు పెడుతుంటే మొహమాటానికి పోయి ఒప్పుకోవద్దు. ‘మీ నాన్నగారి పేరున ఈ నెల అందరికీ బీపీ, షుగర్ మాత్రలు కొంటామమ్మా’ అని చెప్పి చూడండి. సంతోషంగా ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కొన్నాక మందుల షాపు బిల్లు ఫొటో పంపండి. మళ్లీ డబ్బు అడిగేలోపు ఏమీ అడగకుండా రెండు మూడుసార్లయినా కబురు చెప్పండి. మోటారు కాలిపోయిందనీ, ఫలానా పెద్దాయన పోయారనీ కూడా రాయండి.

ప్రశ్న: మా ఊరివాళ్లు అమెరికా నుంచి మా గ్రంథాలయ ట్రస్టుకు డబ్బు పంపుతామంటున్నారు. ఖాతా నంబరు ఇవ్వొచ్చా?
- ట్రస్టు సభ్యురాలు, కరీంనగర్

జవాబు: ఎవరి చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో అడిగాకే ఇవ్వండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని దాచుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డు చూపించినా చట్టం ప్రకారం విదేశీయులే. మీ కళ్ల ముందు పెరిగినవారైనా అంతే. అక్కడి సంఘం పేరున వచ్చినా అంతే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపమంటారు. ‘మా అమ్మ ఖాతాకు పంపి ఇప్పిస్తాం’ అనేవాళ్లుంటారు. ఆ దారి పట్టకండి, ట్రస్టే చిక్కుల్లో పడుతుంది. ఈలోగా వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు పిల్లలతో కూర్చుని కథలు చదివించమనండి, దానికి ఈ చట్టం కింద అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: అనాథ పిల్లల ఫొటోలు పెడితేనే విరాళాలు వస్తాయని మా కుర్రాళ్లు అంటున్నారు. పెట్టమంటారా?
- బాలల సదనం నిర్వాహకుడు

జవాబు: వద్దు. సంరక్షణలో ఉన్న పిల్లలను గుర్తుపట్టేలా పేరు, ఫొటో, బడి బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. ఆ పాప రేపు కాలేజీలో చేరాక తన ఏడుపు మొహం స్నేహితుల ఫోన్లలో చూడాల్సి రావడం అన్యాయం. పిల్లలు వేసిన బొమ్మలు పంపండి, కొత్తగా కట్టిన మరుగుదొడ్డి ఫొటో పంపండి, ఈ నెల కూరగాయలకు ఎంతైందో రాయండి. బొమ్మ కింద పిల్లల పేరు మాత్రం వేయకండి.