పాటతోపాటు పేరు

మరుగునపడిన పాత పాటలను వెదకి వెలికితీయడం కొందరికి వినోదం, కొందరికి వ్యాపారం. నిజానికి అది చరిత్ర రచనలో ఒక భాగం. కనుక దానికొక ధర్మమున్నది. దొరికిన పాటను దాచుకొనక పదిమందికి పంచవలెను. పంచునప్పుడు పాడినవారి పేరును విడువరాదు. ఈ రెండవ నియమం ఎంత ముఖ్యమో మూడు దేశాల ఉదాహరణలు తెలుపుతాయి.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రణ నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. ఆనాటి రికార్డులో సుమారు మూడు నిమిషాల పాటకే చోటు. అంత స్వల్ప వ్యవధిలోనే ఆమె పాట చివర తన పేరును ఆంగ్లంలో ప్రకటించేది. ఆ రికార్డులు తయారైనది జర్మనీలోని హానోవర్ నగరంలో. అక్కడి పనివారు పేరు విని సరియైన లేబులు అంటించడానికే ఈ ఏర్పాటు. నేడు లేబులు చిరిగిపోయినా, గాయని ఎవరో ఆ రికార్డే చెప్పగలదు.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జాన్ హర్ట్ అనే నల్లజాతి వ్యవసాయ కూలీ 1928లో కొన్ని పాటలు రికార్డులకు పాడాడు. అవి అంతగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడు ఆర్థికమాంద్యం వచ్చిపడినది. ఆయన పొలం పనులలోనే ఉండిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత రికార్డుల నుండి 84 పాటలను ఏర్చి, వాటికి వివరణలు వ్రాసి, ఫోక్‌వేస్ సంస్థ ద్వారా వెలువరించాడు. అందులో హర్ట్ పాటలు రెండున్నవి. హర్ట్ మరొక పాటలో తన ఊరు అవలాన్ అని చెప్పుకొన్నాడు. ఆ ఒక్క మాట ఆధారంగా 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు వెళ్లి వెదకగా, వృద్ధ గాయకుడు సజీవుడై కనిపించాడు! ఆ ఏటనే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ఆయన పాడాడు. 1966లో మరణించే నాటికి విఖ్యాతుడైనాడు.

కంబోడియా కథ ఇందుకు భిన్నం. 1960 దశకం నుండి సిన్ సిసామౌత్, రోస్ సెరేసోథియా మొదలైన గాయకులు స్వదేశపు బాణీలను పాశ్చాత్య గిటారు సంగీతంతో మేళవించి జనాదరణ పొందారు. 1975–79 నడుమ ఖ్మేర్ రూజ్ పాలనలో వీరిద్దరూ అదృశ్యమయ్యారు. కళాకారులనేకులు హతులయ్యారు. తరువాత ఒక అమెరికా యాత్రికుడు కంబోడియాలో కొన్న కాసెట్ల నుండి 1996లో ఒక సంకలనం వెలువడినది. పాటలు దేశాంతరాలకు చేరినవి. కాని దానిపై ఒక్క గాయకుని పేరైనను లేదు. ప్రాణాలు కోల్పోయినవారు పేరునుకూడ కోల్పోయారు. శ్రోతలు శ్రమించి ఒక్కొక్క పాట ఎవరిదో గుర్తించిన తరువాతనే ఆ లోపం క్రమంగా తీరినది.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలోను, బంధువుల ఇండ్లలోను ఖవ్వాలీల, గజళ్ల, హరికథల, నాటక పద్యాల పాత రికార్డులు, కాసెట్లు ఇంకను ఉండవచ్చు. అవి పాతసామాను బండి ఎక్కకముందే గాయకుల పేరు, భాష, రికార్డు సంఖ్య, అది లభించిన ఊరు ఒక పుస్తకంలో వ్రాయండి. పాటకు ప్రతి తీయించి, ఆ వివరాలను జతపరచి కళాశాల గ్రంథాలయానికి అందజేయండి. అందుకొక బీరువాను కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుచున్నాను. పేరు లేని పాట చెవికి ఇంపు కావచ్చు; పేరుతోకూడిన పాట మాత్రమే పాడినవారి ఋణం తీర్చగలదు.