కొండదారిలో తోడు

పాండవుల మహాప్రస్థాన కథ నెరుగనివారు భారతదేశమున అరుదు. రాజ్యమును విడిచి ఉత్తరదిశగా నడచిపోవుచుండగా ద్రౌపదియు, నలుగురు తమ్ములును ఒకరి వెనుక నొకరుగా కూలిపోయిరి. తుదకు ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క మాత్రమే. అప్పుడు దేవేంద్రుడు రథముతో ఎదురువచ్చి, స్వర్గమున కుక్కకు చోటు లేదనియు, దానిని విడిచి రథ మెక్కుమనియు చెప్పెను. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచి పొందు స్వర్గము తనకు వలదని ధర్మరాజు పలికెను. ఆ కుక్క రూపమున వచ్చినది యమధర్మరాజే యని పిమ్మట తెలిసెను.

ఆనాడు స్వర్గద్వారముకడ పుట్టిన ప్రశ్న నేడు అనేక దేశములలో కొండదారుల మొదట వినబడుచున్నది. సెలవుదినములలో కొండలపై నడచుటకు పోవువారు తమ పెంపుడు కుక్కలను వెంట తీసికొనిపోవ గోరుదురు. "ఈ దారిలోనికి కుక్కను రానిత్తురా?" అని వారు కావలివారిని అడుగుదురు. ఒకచోట "రానిత్తుము" అనియు, మరియొకచోట "రానీయము" అనియు సమాధానము వచ్చును. ఒకే ప్రాణి ఒక కొండపై అతిథియు, మరొక కొండపై నిషిద్ధమును ఎట్లగును? దీనిని తెలిసికొనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అప్పలాచియన్ పర్వతములు చక్కని ఉదాహరణము.

ఈ పర్వతములు ఆ దేశపు తూర్పుభాగమున ఉత్తర దక్షిణములుగా సాగియున్నవి. ఇవి మిక్కిలి ప్రాచీనములు. కోట్లకొలది సంవత్సరముల గాలివానల తాకిడికి వీని శిఖరములు అరిగి గుండ్రబడినవి. హిమాలయములవలె మంచుతో కప్పబడి యుండక, ఇవి చాలవరకు దట్టమైన అడవులతో నిండియుండును. ఈ కొండల పొడవునను ఒక కాలిబాట నిర్మింపవలెనని బెంటన్ మెకాయ్ అను అటవీశాస్త్రజ్ఞుడు 1921లో సూచించెను. 1937 నాటికి బాట పూర్తియయ్యెను. జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ పర్వతముకడ మొదలై, 14 రాష్ట్రముల గుండ సాగి, మేన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరముపై ఇది ముగియును. దీని పొడవు సుమారు 2,190 మైళ్ళు. అనగా దాదాపు 3,500 కిలోమీటర్లు. దారి తప్పకుండుటకై చెట్లపైనను, బండలపైనను రెండంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవు గల తెల్లని గుర్తులు వేయబడియున్నవి. ఈ బాటను బాగుచేయు పనిలో ఎక్కువ భాగమును స్వచ్ఛందసేవకులే చేయుచుందురు.

బాట యంతయు నడచువారు కొలదిమంది. ఒక పూటయో, ఒక దినమో నడచి యిండ్లకు మరలువారే అనేకులు. వారిలో కుక్కలను వెంటబెట్టుకొని వచ్చువారును కలరు. బాటలో చాలవరకు దీనికి అనుమతి యున్నది. కాని బాట ఒక్కటియే యైనను నియమములు ఒక్కటి కావు.

వర్జీనియా రాష్ట్రములో షెనాండోవా అను జాతీయ ఉద్యానవనము కలదు. అది 1935లో ఏర్పడెను. అందు 500 మైళ్ళకు మించిన కాలిబాటలున్నవి. వానిలో 20 మైళ్ళకంటె తక్కువ భాగము తప్ప, తక్కిన బాటలన్నిటిలోను కుక్కలను నడిపింపవచ్చును. అయితే ఒక కట్టుబాటు కలదు: కుక్క మెడకు కట్టిన తాడు ఆరడుగులకు మించరాదు, దాని రెండవ కొన మనుష్యుని చేతిలో నుండవలెను. మిట్టగా, ఇరుకుగా నుండి బండలపై పాకి పోవలసిన కొన్ని బాటలలో మాత్రము కుక్కలకు ప్రవేశము లేదు.

అదే పర్వతపంక్తిలో దక్షిణముగా పోయిన, ఉత్తర కరోలినా, టెనెసీ రాష్ట్రముల సరిహద్దున గ్రేట్ స్మోకీ జాతీయ ఉద్యానవనము కనబడును. అక్కడి కొండలపై ఎల్లప్పుడు నీలిపొగవంటి మంచు కమ్ముకొనియుండుటచే ఆ పేరు వచ్చినది. అందు 800 మైళ్ళకు పైగా కాలిబాటలున్నను, పెంపుడు కుక్కలకు తెరచియుంచినవి రెండు చిన్న బాటలు మాత్రమే. అవి ఒక్కొక్కటి రెండు మైళ్ళకైన చాలవు. ఉత్తరపు కొనయందు కటాడిన్ శిఖరమున్న బాక్స్‌టర్ వనములో పెంపుడు జంతువులకు ప్రవేశమే లేదు. కావున కుక్కతో దూరప్రయాణము చేయువారు ఇట్టి వనములు వచ్చినపుడు దానిని ఎవరికైన అప్పగించి, దాటిన పిమ్మట మరల తీసికొనవలసియుండును.

కుక్కను ప్రేమించువారికి ఈ నిషేధము కఠినముగా తోచును. "నా కుక్క ఎవరిని కరవదు. దాని వలన అడవికి ఏమి హాని?" అని వారడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము కుక్క స్వభావములోనే యున్నది. మనుష్యుడు కన్నులతో చూచు అడవిని కుక్క ముక్కుతో చదువును. ఎంత సాధువైన కుక్కయైనను దాని పూర్వులు వేటాడి బ్రదికినవే. కావుననే కుక్క వాసన తగిలినంతనే వన్యప్రాణులు శత్రువు వచ్చినదని తలంచును.

వసంతకాలమున లేడి తన పిల్లను ఆకుల నడుమ పరుండబెట్టి, మేతకై దూరముగా పోవును. పిల్ల కదలక, మెదలక పడియుండును. ఒంటిపైనున్న తెల్లని చుక్కలు ఎండనీడలతో కలిసిపోవుటచే ప్రక్కనుండి పోవు మనుష్యుడు దానిని కనుగొనలేడు. కాని తాడు లేని కుక్క క్షణములో దానిని పసికట్టగలదు. అది కరవనక్కరలేదు, వెంటబడి తరిమిన చాలును. తల్లి తిరిగివచ్చునప్పటికి పిల్ల ఆ తావున నుండదు. నేలపై గూడుకట్టుకొను పక్షులకును ఇట్టి యాపదయే కలుగును. బెదరి యెగిరిపోయిన తల్లి మరల వచ్చులోపల గ్రుడ్లు చల్లబడవచ్చును.

ఈ కొండలలో నల్ల ఎలుగుబంట్లు విస్తారముగా నున్నవి. అవి సాధారణముగా మనుష్యుని అలికిడి వినగానే తొలగిపోవును. కాని కుక్క మొరుగుచు మీదికి పోయిన, ఎలుగుబంటి తిరుగబడును. అప్పుడు భయపడిన కుక్క ఎక్కడికి పరుగెత్తును? తన యజమాని కడకే పరుగెత్తును. వెనుక ఎలుగుబంటియు వచ్చును. ఈ విధముగా కాపాడవలసిన కుక్కయే ఆపదను తోడ్కొనివచ్చును.

రోగముల సంగతియు మరువరాదు. కుక్కల అంటువ్యాధులు కొన్ని నక్కలకును, తోడేళ్ళకును సోకును. వన్యమృగముల వ్యాధులు కుక్కకును రావచ్చును. అందుచేతనే కుక్కకు టీకాలు వేయించి యుండవలెననియు, దాని మలమును సంచిలో నెత్తి వెలుపలికి తెచ్చివేయవలెననియు నియమములు చేయుదురు. మరియు బాటపై నడచువారందరును కుక్కలను ప్రేమించువారు కారు. ఇరుకుదారిలో ఎదురుగా వచ్చు పసివానికి, కఱ్ఱ ఊతతో నడచు వృద్ధునికి, మీదికి దుముకు కుక్క భయకారణమే. అట్టిచోట దానిని ప్రక్కకు తీసి, ఎదుటివారికి దారి యిచ్చుట మర్యాద.

కొండదారి కుక్కకును సుఖమైనది కాదు. మనుష్యునివలె అది దేహమంతట చెమటపోయలేదు. నాలుక చాచి రొప్పుటయే దానికి ముఖ్యమైన చల్లబడు విధానము. ఎండలో ఎక్కుడు దారిని పరుగెత్తించిన అది వడదెబ్బకు గురియగును. వాడిరాళ్ళపై అరికాళ్ళు చీలును. పొదలలో పిడుదులు పట్టును. బండల సందులలో విషసర్పములుండును. అయినను యజమాని ముందు నడచుచుండగా కుక్క తన యలసటను లెక్కింపక వెంట వచ్చును. "నేనిక నడువలేను" అని చెప్పుటకు దానికి నోరు లేదు. ఆ మాటను యజమానియే గ్రహింపవలెను. దానికి వేరుగా నీరు తీసికొనిపోవలెను. నడుమ నడుమ నీడలో నిలుపవలెను. మొదట కొద్ది దూరముతో అలవాటు చేయవలెను. కుక్కకు ప్రవేశము లేని చోటికి తీసికొనివచ్చి, తలుపులు మూసిన కారులో విడిచిపోవుట మిక్కిలి క్రూరము. ఎండలో నిలిపిన కారు కొలది నిమిషములలోనే పొయ్యివలె కాగిపోవును.

ఇన్ని నియమములున్న ఈ బాటపైనే ఒక కుక్క మొదటి కొననుండి తుది కొనవరకు నడచిన వృత్తాంత మొకటి కలదు.

బిల్ ఇర్విన్ అనునాతడు ఉత్తర కరోలినా వాసి. పెద్దవాడైన పిమ్మట ఆయన రెండు కన్నుల చూపును కోల్పోయెను. ఏబదియేండ్ల వయసు సమీపించినపుడు అప్పలాచియన్ బాట యంతయు నడువవలెనని సంకల్పించెను. 1990 మార్చి 8వ తేదీన స్ప్రింగర్ పర్వతముకడ బయలుదేరెను. ఆయనకు తోడు ఓరియెంట్ అను జర్మన్ షెపర్డ్ జాతి కుక్క. అది అంధులకు దారి చూపుటకు శిక్షణ పొందినది.

ఇట్టి కుక్క యజమానిని తనకు తోచినచోటికి లాగుకొనిపోదు. పోవలసిన దిక్కును మనుష్యుడే నిర్ణయించును. అడ్డములను తప్పించి నడపుట, మెట్టు వచ్చినపుడు నిలుచుట కుక్క పని. దాని వీపుపై తగిలించిన పట్టీల పిడిని పట్టుకొని, అది నిలిచినది, తిరిగినది గ్రహించుచు అంధుడు నడచును. ముందు అపాయమున్నపుడు "పద" అని ఆజ్ఞాపించినను అది కదలదు. యజమాని మేలుకొరకు యజమాని మాటను కాదనుట దాని శిక్షణలోని ముఖ్యాంశము.

అయితే నగరవీథులలో నేర్చిన విద్య వేరు, కొండదారి వేరు. ఇచ్చట ప్రతి యడుగునను బండలు, వేళ్ళు, బురద, వాగులు. ఓరియెంట్ కొంత సామాను తన వీపుపై మోయుచు, నిలుచుచు, నడచుచు ముందు సాగెను. ఇర్విన్ వేలకొలది సార్లు పడెను. పడిన ప్రతిసారియు లేచెను. వసంతము పోయి వేసవి వచ్చెను. వేసవి పోయి ఆకులు రాలు కాలము వచ్చెను. వారి సంగతి బాటపై నడచువారి నోళ్ళ ముందుగా ప్రాకిపోయెను. పెంపుడు కుక్కలకు ద్వారములు మూసిన గ్రేట్ స్మోకీ కొండలలోను ఓరియెంట్ నడచెను.  అది వినోదమునకై వచ్చిన కుక్క కాదు; ఒక మనుష్యుని కన్ను. కన్నును ద్వారముకడ విడిచి రమ్మని ఎవరు చెప్పగలరు? 1990 నవంబరు 21వ తేదీన, బయలుదేరిన ఎనిమిదిన్నర నెలలకు, వారిరువురును తమ ప్రయాణమును ముగించిరి. ఆ బాట యంతయు ఒక్క ప్రయాణమున నడచిన మొదటి అంధుడు బిల్ ఇర్విన్. ఆయన 2014లో మరణించెను.

ఓరియెంట్‌కు తెరచుకొనిన ద్వారము తక్కిన కుక్కలకు మూసియుండుటలో అన్యాయ మేమియు లేదు. దానికి దారి దొరికినది దాని సేవ వలనను, శిక్షణ వలనను. ముందు లేడి పరుగెత్తినను, ఉడుత చెట్టెక్కినను చేయుచున్న పనిని విడువకుండుట ఆ శిక్షణ. పెంపుడు కుక్కకు అంతటి యదుపు లేదు. ఆ లోటును తీర్చునది యజమాని చేతిలోని ఆరడుగుల తాడు. అది కుక్కకు సంకెల కాదు. అడవికి ఇచ్చిన మాట.

ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడువలేదు. అతని కథలో నేర్వవలసినది ఎక్కడికైనను కుక్కను తీసికొనిపోవలె ననుట కాదు. తన్ను నమ్మిన ప్రాణి బాధ్యతను మోయవలె ననుట. ఆ బాధ్యత కలవాడు బయలుదేరుటకు ముందే ఆ కొండ నియమమును తెలిసికొనును. ప్రవేశమున్న కొండకు కుక్కను తీసికొనిపోవును. లేని కొండకు పోవునపుడు దానిని ఇంటివద్ద మంచివారి కాపుదలలో నుంచును. తాడు చేతబట్టి, తెల్ల గుర్తుల వెంట మెల్లగా నడచిపోవును. అట్లు వారిరువురు దాటిపోయిన పిమ్మటను, ఆకుల నడుమ పరుండిన లేడిపిల్ల తల్లి విడిచిన చోటనే, తల్లి రాకకై ఎదురుచూచుచు పడియుండును.