కెర్నెల్ చేతులెత్తేస్తే...

తమ్ముళ్లూ, 2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. నీలితెర చూపడం, తమంతట తామే మళ్లీ మొదలవడం, మళ్లీ అక్కడే పడిపోవడం!

అసలు కంప్యూటర్ ఎందుకు ఆగిపోవాలి? మెమరీని, డిస్కును, ప్రాసెసర్‌ను ప్రోగ్రాములన్నిటికీ పంచిపెట్టేది కెర్నెల్. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే కెర్నెల్ దాన్ని ఒక్కదాన్నే ఆపేస్తుంది. తప్పు కెర్నెల్‌లోనే జరిగితే ఆపేవారెవరు? పాడైన మెమరీతో అలాగే నడిస్తే డిస్కులో ఉన్న లెక్కలు కూడా చెడిపోవచ్చు. మన గుర్రంకొండ టమోటా రైతుల్ని అడగండి. ఒక ఫేజు పోయాక కూడా బోరు మోటారు తిరిగితే కాలిపోతుంది, అందుకే స్టార్టర్ పడిపోవాలి. లైనక్స్‌లో అలా పడిపోవడాన్నే కెర్నెల్ పానిక్ అంటారు.

పడిపోయాక ఏం చేయాలో ముందే చెప్పిపెట్టవచ్చు. ‘కెర్నెల్ డాట్ పానిక్’ విలువ 0 అయితే యంత్రం అలాగే నిలిచిపోతుంది. 10 పెడితే 10 సెకన్లకు రీబూట్ అవుతుంది, అంటే ఆటో స్టార్టర్ అన్నమాట. ఇంకొకటి ‘పానిక్ ఆన్ ఊప్స్’. ఊప్స్ అంటే పానిక్ దాకా పోని కెర్నెల్ తప్పు. విలువ 0 అయితే ఆ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌ను చంపి ముందుకు సాగడానికి చూస్తుంది. 1 అయితే అక్కడికక్కడే పానిక్. రెండింటినీ సిస్‌సీటీఎల్ ఆదేశంతో మార్చవచ్చు.

ఇంటి కంప్యూటర్‌కు ఊప్స్ విలువ 0 చాలు, రాసుకుంటున్నది దాచుకోవడానికైనా వీలుంటుంది. జీతాలు, మార్కులు ఉన్న సర్వర్‌కైతే నేను 1 పెడతాను.

అయితే కాలిన మోటారును ఆటో స్టార్టర్ బాగుచేయదు. జూలై 19న జరిగింది అదే. చాలాచోట్ల ఒక్కో యంత్రం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లో ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. కాబట్టి రీబూట్ కంటే ముందు సాక్ష్యం దాచాలి. అందుకే కేడంప్ ఉంది. ముందుగానే కొంత మెమరీ పక్కనపెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటిది పడిపోగానే ఇది లేచి, ఆ మెమరీని ఫైలుగా దాచి రీబూట్ చేస్తుంది. పడిపోయిన కెర్నెల్ చేతే రాయిస్తే ఆ రాతను నమ్మలేం.

చూడాలనుంటే వర్చువల్ మెషిన్‌లో, రూట్ అధికారంతో, ‘సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్’ ఫైల్లోకి ‘సి’ అనే ఇంగ్లీషు అక్షరం పంపండి. వెంటనే పానిక్ అవుతుంది. హాస్టల్ ఆఫీసు కంప్యూటర్ మీద మాత్రం వద్దు, వార్డెన్ సార్ పానిక్ అవుతారు!